ఫిర్యాదులు మూసే సారు

పోయిన వారం నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. మా వీధిలో సాయంత్రం పూట కమ్ముకునే ఘాటు వాసన గురించి నేనే ప్రభుత్వ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. పటాన్‌చెరులో ఉండేవాళ్ళకు వాసన కొత్తేమీ కాదు గానీ, ఈసారిది గొంతులోకి దిగి అక్కడే కూర్చునే రకం. పెట్టిన మర్నాడే జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదును సానుభూతితో పరిశీలించి, తగు చర్య తీసుకొని, ముగించడమైనది. మీ సహకారానికి కృతజ్ఞతలు." చదివి ఫోను బోర్లించి పెట్టాను. వాసన అప్పుడు కూడా కిటికీలోంచి వస్తూనే ఉంది, కానీ ఫోను బోర్లించింది అందుకు కాదు. ఆ వాక్యం ఎవరు కూర్చారో నాకు తెలుసు. 'సానుభూతితో' అన్న మాట ఉండాలా వద్దా అని ఆయన ఒక పూటంతా నాతో తర్జనభర్జన పడ్డారు. టైపు చేసింది నేనే. ఆయన పోయి ఏడాది కావస్తోంది, వాక్యం మాత్రం ఇంకా డ్యూటీ చేస్తోంది.

ఆయన పేరు చెప్పను. ఆఫీసు పేరూ చెప్పను. సంగారెడ్డిలో ప్రభుత్వాఫీసులకు కరువు లేదు, వాటిలో ఒకటి అనుకోండి. ఆయన అక్కడ సూపరింటెండెంటు, నేను ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్ని. మేమంతా ఆయన్ని సారు అనేవాళ్ళం. ఊళ్ళనుంచి వచ్చే జనం, ఆయన వినకుండా, 'మూసే సారు' అనేవారు. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఈ గాలిలోనే పుట్టి పెరిగినా, నా మాటలో 'అండీ' మాత్రం పోలేదు. సారు దాన్ని పట్టుకుని రోజూ ఆటపట్టించేవారు. నీ అండీలన్నీ తీసేస్తే సగం టైమ్ మిగుల్తది బిడ్డా, అనేవారు.

ఆయన గుర్తొస్తే ముందు చప్పుడు వినిపిస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ కాగితాల మీద రబ్బరు ముద్ర గుద్దీ గుద్దీ అలవాటు పడ్డ చేయి ఆయనది. కంప్యూటర్లు వచ్చి ముద్రలు పోయినా ఆ చేయి ఊరుకోలేదు. స్క్రీన్ మీద ఒక ఫిర్యాదును మూసే బటన్ నొక్కగానే, కుడి పిడికిలి తనంతట తానే లేచి బల్ల మీద ధడ్‌మని పడేది. మొదట్లో మేం మొహాలు తిప్పుకుని నవ్వుకునేవాళ్ళం. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మాత్రం ఉలిక్కిపడి తలుపు వైపు చూసేవారు. ఆ దెబ్బ తమ కాగితం మీద పడిందా, పక్కవాడి కాగితం మీద పడిందా వాళ్ళకు తెలిసేది కాదు.

చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను. ఒకరి దగ్గర టీ కూడా తాగేవారు కాదు. పొద్దున్నే వచ్చి, చెప్పులు బల్ల కింద వదిలి, ఒక కాలు మడిచి కుర్చీలో కూర్చుని, జేబురుమాలుతో స్క్రీన్ తుడిచేవారు. కిరాణా కొట్టు తెరిచేవాడు త్రాసు తుడుచుకున్నట్టుండేది. ఎవరైనా ఊరినుంచి వస్తే ఏ ఊరు, ఎవ్వలి బిడ్డవు, పంటెట్లున్నది అని అడిగేవారు. తానే లేచి ఫిల్టర్‌లోంచి స్టీలు గ్లాసులో చల్లటి నీళ్ళు పట్టి వాళ్ళ చేతికిచ్చేవారు. లేదు, కుదరదు అన్న మాటలు ఆయన నోట నేను వినలేదు. అంతా విన్నాక "నమోదైంది, ఫికర్ జేయకు" అనేవారు. వాళ్ళు దండం పెట్టి వెళ్ళేవారు. ఆ నీళ్ళు తాగినవాళ్ళలో చాలామంది వచ్చింది నీళ్ళ కోసమేనని నాకు ఆలస్యంగా తట్టింది.

ఆయనది గుమ్మడిదల దాటాక లోపలికి పోయే ఒక ఊరు. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. తాతలనాటి పొలం ఉంది, అందులో ఇప్పుడు పశువులు కూడా మూతి పెట్టవు. బోరు వేస్తే నీళ్ళు టీ రంగులో వస్తాయి, గిన్నెలో నిలవ ఉంచితే పైన తెట్టు కడుతుంది. ఆ ఊరికి తాగే నీళ్ళంటే ప్రభుత్వ ట్యాంకరే. అది చాలాకాలం ఆగకుండా నడిచింది. ఎలా నడిచిందో ఒకసారి మధ్యాహ్నం భోజనాల దగ్గర, గర్వం దాచుకోలేక, ఆయనే నాకు చెప్పారు.

కాగితాల రోజుల్లో ఒక పద్ధతి ఉండేదట. ఊరి నీటి సమస్య మీద ఫైలు నడుస్తున్నన్నాళ్ళూ, శాశ్వత ఏర్పాటు అయ్యేదాకా, ట్యాంకర్‌కు డబ్బు మంజూరవుతూ ఉండేది. ఫైలు ముగిస్తే ట్యాంకర్ ఆగుతుంది. అందుకని ఆయన తన ఊరి ఫైలును ముగియనిచ్చేవారు కాదు. అది చివరికొచ్చిందనిపించినప్పుడల్లా ఒక సందేహం రాసి వెనక్కి పంపేవారు. పైపు వెడల్పు ఎంత అని ఒకసారి, ట్యాంకు కట్టే స్థలం ఎవరి పేర ఉందని ఒకసారి. ఫైలు ఆ గదికీ ఈ గదికీ తిరుగుతూ ఉండేది, ట్యాంకర్ ఊరికి తిరుగుతూ ఉండేది. "ఫైలు సావద్దు బిడ్డా. అది బతికినన్ని దినాలు మా ఊరికి దూప తీరుతది" అన్నారు. ప్రభుత్వాఫీసుల్లో పని నత్తనడక అని అందరూ తిడతారు, నేనూ తిట్టాను. ఆ నత్తనడక మీద ఆధారపడి ఒక ఊరు నీళ్ళు తాగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత స్క్రీన్ వచ్చింది. హైదరాబాదు నుంచి మెడలో గుర్తింపు కార్డుల తాళ్ళు వేసుకున్న కుర్రాళ్ళు వచ్చి గోడకు పెద్ద టీవీ బిగించి, జిల్లా పటం పెట్టి, ఊరికొక చుక్క పెట్టారు. ఫిర్యాదు కొత్తగా వస్తే చుక్క పసుపు. గడువు దాటితే ఎరుపు. మూసేస్తే ఆకుపచ్చ. ఏ జిల్లాలో ఎరుపు తక్కువో ఆ జిల్లా ముందు. డబ్బు కూడా దాంతోనే ముడిపెట్టారు. తెరిచి ఉన్న నీటి ఫిర్యాదు ఏ ఊరికి ఉంటే ఆ ఊరికి ట్యాంకర్ డబ్బు విడుదలవుతుంది. ఫిర్యాదు మూతపడితే వచ్చే నెలనుంచి దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ సంతకం పెట్టి ఆపనక్కర్లేదు. కుర్రాళ్ళు ఇది చాలా గొప్ప సౌకర్యమని చెప్పారు. ఎవరు ఆపారని అడిగితే చూపించడానికి మనిషే ఉండడని నాకు ఆ రోజే అనిపించి, ఎందుకో గదిలో ఫ్యాన్ తగ్గించాను.

సారు మొదట భయపడ్డారు. మౌసును తేలుని ముట్టుకున్నట్టు ముట్టుకునేవారు. నెల తిరిగేసరికి ఆయనకు దాని మీద ఎక్కడలేని మోజు పుట్టింది. ఉద్యోగమంతా ఆయన చేసిన పని ఎవరికీ కనబడలేదు కదా. ఇప్పుడు గోడ మీద రంగుల్లో కనబడుతోంది, పైవాళ్ళకూ కనబడుతోంది. వారం వారం వీడియో కాన్ఫరెన్స్ ఉండేది, మేం వీసీ అంటాం. ఆ రోజు ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని వచ్చేవారు. ఆయన కూర్చునేది చివరి వరసలో, కెమెరాకు ఆనని చోట. అయినా పైనుంచి గొంతు మా జిల్లా పేరు పిలవగానే లేచి చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆ గొంతుగలాయన ముఖం మాకు స్క్రీన్‌లో అరచేయంత కనిపించేది. సారు దాన్ని కూడా తలెత్తి చూసేవారు కాదు.

"సమస్య ఉండుడు తప్పు గాదు బిడ్డా, తెరిచి ఉండుడు తప్పు" అనడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టారు. ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు. ట్యాంకర్ ఒక్కసారి పోయినా, ఫోటో తీసి పెట్టి, చర్య తీసుకోబడింది అని రాసి, మూసేయడం. ధడ్. గుంతలో ఒక తట్ట మట్టి పోసి, ఫోటో తీసి, ధడ్. అబద్ధమా అంటే అబద్ధం కాదు. ట్యాంకర్ పోయిన మాట నిజమే, మట్టి పోసిన మాట నిజమే.

యాప్‌లో అప్పట్లో ఇంకో బటన్ ఉండేది. జవాబు నచ్చకపోతే జనం దాన్ని నొక్కితే ఫిర్యాదు మళ్ళీ తెరుచుకునేది. ఇది సారుకు నిద్ర లేకుండా చేసింది. పొద్దున ఆకుపచ్చ చేసి ఇంటికి పోతే మర్నాటికి పది ఊళ్ళు ఎర్రబడేవి. కోపానికి కొందరు ఊరికే నొక్కుతున్నారని ఆయన బాధ. ఒక వీసీలో ధైర్యం చేసి, చివరి వరసలోంచే గొంతు పెంచి, ఆ బటన్ దుర్వినియోగమవుతోంది, తీసేస్తే బాగుంటుందని మనవి చేశారు. పైనున్న గొంతు మంచి సూచన అంది. కొన్నాళ్ళకు ఆ బటన్ మా జిల్లాలోనే కాదు, ఎక్కడా లేకుండా పోయింది. సారుకు శాలువా కప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన ఆ శాలువా భుజం మీంచి తీయకుండానే సాయంత్రం దాకా పని చేశారు.

ఆ తర్వాత మా ఆఫీసు ముందున్న బెంచీ ఖాళీ అవుతూ వచ్చింది. ముందు ముసలివాళ్ళు మానేశారు, తర్వాత ఆడవాళ్ళు, ఆఖరికి పేచీకోరులు కూడా. సారు ఆ ఖాళీ బెంచీని ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాకా ఫోటో చూస్తే ఏదో చావు జరిగిన ఇంటి అరుగు చూసినట్టుండేది. జనం రావడం మానింది కష్టం తీరి కాదని నాకు తెలుసు. గుమ్మడిదల వైపునుంచి వచ్చే అటెండర్ డబ్బాలో నీళ్ళు నింపుకుని పోవడం రోజూ చూస్తూనే ఉన్నాను కదా.

జిల్లా పటమంతా పచ్చబడ్డాక ఒక్క చుక్క ఎర్రగా మిగిలింది. అది సారు ఊరు. పాత అలవాటు కొద్దీ దాన్ని ఆయన ముట్టుకోలేదు. ఫైలు చావకూడదన్న మాట ఆయన మరిచిపోలేదని నాకు లోపల సంతోషంగా ఉండేది. ఒక వీసీలో పైగొంతు అడిగింది, అంతా బాగుంది గానీ ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందని. మా పెద్దాఫీసరు నవ్వుతూ, అది మా సూపరింటెండెంటుగారి సొంతూరు సార్, అన్నాడు. స్క్రీన్ అటువైపున్న వాళ్ళంతా నవ్వారు. ఇటువైపు మావాళ్ళూ నవ్వారు. సొంత ఊరికి ట్యాంకర్ దక్కించుకుంటున్నాడని ఎవరో మెల్లగా అన్నారు, మెల్లగా అన్నా మైకు వినిపించింది. సారు చివరి వరసలో నిలబడే ఉన్నారు. ఒక్కరి టీ కూడా తాగని మనిషి. ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

వీసీ అయ్యాక వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రుమాలు తీసి, పొద్దున తుడిచిన స్క్రీన్‌నే మళ్ళీ తుడిచారు.

"ఇంట గెలిచి రచ్చ గెలువాలంటరు. ఇగ మనదే మూసేద్దం బిడ్డా."

ట్యాంకర్ ఆగిపోతుంది సార్ అన్నాను. ఊళ్ళో నల్లాలు బిగించారని, నీళ్ళు కూడా జల్దీ వస్తాయని పైవాళ్ళు చెప్పారని అన్నారు. అది నాకు చెబుతున్నట్టు లేదు. పంచాయతీ వాళ్ళకు ఫోన్ చేసి ట్యాంకర్ ఫోటో తెప్పించారు. ట్యాంకర్ చుట్టూ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఉన్నారు. నీళ్ళు అందినట్టు అదే రుజువు. ఆ ఫోటో పెట్టి, నేను టైపు చేసిన వాక్యం పెట్టి, బటన్ నొక్కారు. పిడికిలి లేచింది. ఎప్పటికంటే గట్టిగా పడిందనిపించింది నాకు, అది నా భ్రమ కావచ్చు. గోడ మీద ఆఖరి చుక్క పచ్చబడింది. గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఇంకెవరూ కొట్టకపోయేసరికి మానేశారు.

మర్నెల ట్యాంకర్ పోలేదు. నల్లాల్లో గాలి వచ్చింది. ఊరివాళ్ళు మళ్ళీ ఫిర్యాదు పెడితే యాప్ తీసుకోలేదు. ఈ ప్రాంతంలో ఇదే సమస్య ఇదివరకే పరిష్కరించబడినది అని చెప్పింది. వేరే ఫోన్లనుంచి పెట్టారు. అదే జవాబు. నేను చూస్తుండగానే అవి వచ్చి, పసుపుగా కూడా మారకుండానే, ఎక్కడికో పోయేవి. చెరువులో వేసిన రాయికి చప్పుడైనా ఉంటుంది.

అప్పుడే సారు తమ్ముడు వచ్చాడు. పొలం చచ్చాక ఫ్యాక్టరీలో కాపలా పనికి కుదురుకున్న మనిషి. యూనిఫాం మీదే వచ్చి ఆ ఖాళీ బెంచీ మీద కూర్చున్నాడు. సారు బయటికి వెళ్ళారు. పంటెట్లున్నది అని అడగలేదు గానీ మిగతాదంతా అలాగే జరిగింది. ఫిల్టర్‌లోంచి నీళ్ళు పట్టి గ్లాసు చేతికిచ్చారు. తమ్ముడు గొంతు పెంచకుండా మాట్లాడాడు. పిల్లలకు ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయని, ఊళ్ళో సగంమంది క్యాన్లు కొనలేక బోరు నీళ్ళే తాగుతున్నారని చెప్పాడు. సారు విని, తల ఊపి, "నమోదైంది" అన్నారు. సొంత తమ్ముడితో. నోరు దానంతటదే అన్నదో, వేరే మాట తోచలేదో. తమ్ముడు ఆయన ముఖంలోకి కాసేపు చూసి, నీళ్ళు ముట్టకుండా గ్లాసు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసును సాయంత్రం దాకా ఎవరం తీయలేదు.

ఆ తర్వాత సారు పైకి చాలా రాశారు. సొంత ఖర్చుతో హైదరాబాదు కూడా పోయివచ్చారు. అక్కడ ఎవరో పెద్దమనిషి, మీ జిల్లా రికార్డు చెడగొట్టుకుంటారా అని నవ్వి, టీ ఇప్పించాడట. ఈసారి తాగినట్టున్నారు. నేను అడగలేదు.

రిటైరై ఊరికే పోయారు. సంగారెడ్డిలో ఇల్లు తీసుకోవచ్చు కదా సార్ అంటే, ఊళ్ళో వాళ్ళు తాగే నీళ్ళే నేనూ తాగుతాను అన్నారు. అది తప్పుకు శిక్షో, మొండితనమో, ఇంకేం దారిలేకో నాకు తెలియదు. అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. నా పిల్లల్ని అడిగి, నా కాంట్రాక్టు పొడిగించారా అని అడిగి, ఆఖరున స్క్రీన్ ఎట్లున్నదని అడిగేవారు. పచ్చగా ఉంది సార్ అనేదాన్ని. సరే బిడ్డా అని పెట్టేసేవారు.

ఒకరోజు పొద్దున ఆఫీసుకే వచ్చారు. మనిషి సగమయ్యారు, కాళ్ళు వాచి చెప్పులు బిగిసిపోయాయి. ఆయన సీట్లో ఇప్పుడొక మేడం ఉంది, చిన్న వయసు, నెమ్మదస్తురాలు. సారు ఎవరో ఆమెకు తెలుసు. లేచి నిలబడి కుర్చీ చూపించింది. ఆరోగ్యం అడిగింది, ఊరు అడిగింది. తానే ఫిల్టర్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు పట్టి ఇచ్చింది. సారు గ్లాసు ఎత్తి గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగి అదీ తాగారు. అంత దాహంగా ఒక పెద్దమనిషి ఆఫీసులో నీళ్ళు తాగడం నేనెప్పుడూ చూడలేదు. మేడం ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విని, ఏదో టైపు చేసి, "నమోదైంది సార్, మీరు కంగారు పడకండి" అంది.

ఆయన లేచి నా బల్ల దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. జేబులోంచి ఫోన్ తీసి చూపించారు. నీళ్ళని రాస్తే తీసుకోదని ఆయనే యాప్‌లో 'ఇతర సమస్యలు' కింద పెట్టిన ఫిర్యాదుకు జవాబు వచ్చింది. సానుభూతితో పరిశీలించి, ముగించడమైనది.

"నేను అన్నదే నాకొచ్చింది సూడు" అన్నారు. "సానుభూతి అని పెట్టినం, మంచిగనే పెట్టినం." తర్వాత గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినబడకుండా, "మా ఊరిది తెరువనీకె ఏమన్న తొవ్వ ఉన్నదా బిడ్డా?" అని అడిగారు.

లేదు సార్ అన్నాను. ఆ బటన్ లేదు కదా అన్నాను. అది ఎవరు తీయించారో ఇద్దరికీ తెలుసు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు బయటపడుతుందోనని కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆయన కాసేపు గోడ మీది పటం చూశారు. తన ఊరి చుక్క ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు ఆయనకు. "మంచిగనే పని జేస్తున్నది" అన్నారు. పొగడ్తో, భయమో తెలియని గొంతు అది. వెళ్తూ వెళ్తూ అటెండర్‌ని అడిగి, సంచీలోంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసి, ఫిల్టర్ దగ్గర నింపుకున్నారు.

వానలు పట్టాక కబురొచ్చింది. కిడ్నీలు అన్నారు. నీళ్ళవల్లే అని నేననను, డాక్టరూ అనలేదట. అనడానికి ఆ ఊళ్ళో నీళ్ళు బాగాలేవని ఎక్కడా రాసి లేదు కదా.

దినాల రోజు నేను వెళ్ళాను. గుమ్మడిదలలో బస్సు దిగి ఆటో ఎక్కితే, ఊరు రాకముందే వాసన ఎదురొచ్చింది. ఆటోలో ఎవరూ ముక్కు మూసుకోలేదు, నేనూ మూసుకోలేదు. సారు ఇల్లు దూరంనుంచే తెలిసింది, వాకిట్లో అంత జనం ఉన్నారు. ఇంతమందికి ఆయన కావలసినవాడా అని నా గుండె నిండింది. దగ్గరికొచ్చి చూస్తే వాళ్ళంతా వరసలో ఉన్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, బిందెలు, నీలం డ్రమ్ములు, పెయింటు డబ్బాలు. వరస మొదట్లో ఒక ట్యాంకర్ నిలబడి ఉంది.

సారు తమ్ముడు గుండుతో ఎదురొచ్చి నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. ట్యాంకర్ ఎలా వచ్చిందని అడిగాను. చావుకీ పెళ్ళికీ పంచాయతీ ఒక ట్యాంకర్ పంపుతుందని, దానికి ఫిర్యాదు అక్కర్లేదని, అది పాత రివాజని చెప్పాడు. దినాలకు చుట్టాలొస్తారు, వంట చేయాలి, అందుకని ఇస్తారట. ఈ మధ్య ఊళ్ళో పెళ్ళిళ్ళు జరగడం లేదు. పిల్లనిచ్చేవాళ్ళు వచ్చి, బోరు చూసి, వెనక్కి పోతున్నారు.

"బతికుండంగ తేలేకపోయిండు మా అన్న. సచ్చి తెచ్చిండు" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. నీళ్ళు చుట్టాలకు ఉంచుకోకుండా ఊరందరికీ పట్టుకోమని చెప్పింది కూడా అతనే.

ఫోటోకు దండం పెట్టి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. వరస తోసుకోకుండా కదులుతోంది, చావింటి ముందు కదా. కొందరు నిండిన బిందె దించుకునే ముందు ఇంటి వైపు ఒక దండం పెడుతున్నారు. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఏదో చూడకూడనిది చూస్తున్నానని, లేచి వెళ్ళిపోవాలని అనిపించింది గానీ చూస్తూ కూర్చున్నాను.

వరస సగం కూడా తరగకముందే ట్యాంకర్ అడుగంటింది. డ్రైవర్ పైపు దులిపి చుట్టేశాడు. నీళ్ళు దొరకనివాళ్ళు ఖాళీ బిందెలతో వెనక్కి మళ్ళారు. వాళ్ళలో ఒక పెద్దావిడ ఖాళీ బిందె చంకన పెట్టుకుని, ఎదురింటి గడపలో నిలబడ్డ ఆ ఇంటి కోడలి దగ్గరికి వెళ్ళింది. ఆ ఇంటి వసారాలో నులకమంచం మీద ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

"మీ మామకు ఎట్లున్నదే?" అని అడిగింది.

"గట్లనే ఉన్నడు అత్తా. నిన్నటిసంది ముద్ద దిగుతలేదు."

పెద్దావిడ అయ్యో అంది. మంచం దాకా వెళ్ళి, దుప్పటి సర్ది, ఆయన నుదుటి మీద చేయి పెట్టి చూసింది. మళ్ళీ బయటికొచ్చింది. ఖాళీ బిందెను ఇంటికి తీసుకుపోలేదు. ఆ ఇంటి గోడ పక్కనే, గడపకు దగ్గరగా పెట్టి వెళ్ళింది. కోడలు చూసింది. కాసేపటికి దాని వెనక ఇంకో బిందె వచ్చి చేరింది.